బీరువాలో దాచిన వాచీ భద్రం కాదు

ఇంట్లో పెద్దాయన పోయాక సామాన్లు సర్దుతుంటే ఆయన చేతి వాచీ బయటపడుతుంది. హెచ్‌ఎంటీ జనతానో, ఆల్విన్‌నో, గల్ఫ్ నుంచి తెచ్చుకున్న సీకో ఫైవో అయ్యుంటుంది. ఉప్పాడలో అయినా, పిఠాపురంలో అయినా, కాకినాడలో అయినా అప్పుడు వినిపించే తీర్పు ఒకటే: “దాన్ని కదపకండి. బీరువాలో పెట్టండి. ఆయన గుర్తుగా ఉంటుంది.” మనవడో మనవరాలో బాగుచేయించి పెట్టుకుంటానంటే, “ఎందుకురా దండగ, ఫోనులో టైము కనబడట్లేదా?” అని అడ్డుపడతారు.

ఆ మాట అనేవాళ్ళ పక్షం ముందుగా ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్ళకు ఆ వాచీ అంటే ఆపేక్ష లేక కాదు, ఉండబట్టే అంటున్నారు. వాళ్ళు చెప్పే కారణాలు ఇవి. దాచిన వస్తువు చెడదు, వాడితే చెడుతుంది. నడుస్తున్నదాన్ని విప్పితే ఉన్నదీ పోతుంది. అదేదో పాత వాచీ, దాని పుట్టుపూర్వోత్తరాలతో పనేముంది? కంపెనీలే మూతపడ్డాయి, పార్టులు దొరకవు, నమ్మదగ్గ మెకానిక్ లేడు. రిపేరు ఖర్చు వాచీ వెలను దాటిపోతుంది. అంతగా చేయిస్తే కొత్తదానిలా మెరిసేలా చేయించాలి. ఎలాగూ మన చేతికి సరిపడదు. ఒక్కొక్కటీ వినడానికి సబబుగానే ఉంటుంది. విడదీసి చూస్తే ఒక్కటీ నిలవదు. పైగా ఈ ఏడు మాటలూ కలిసి ప్రతి ఇంట్లోనూ ఒక మంచి యంత్రాన్ని మెల్లగా చంపుతున్నాయి.

1. “దాస్తే చెడదు”

బంగారం పదేళ్ళు పెట్టెలో ఉన్నా బంగారమే. వాచీ సంగతి అది కాదు. దాని లోపల ఉన్నవి ఉక్కు స్ప్రింగులు, ఉక్కు ఇరుసులు, ఇత్తడి పళ్ళచక్రాలు, ఆ ఇరుసుల కొసల దగ్గర సూదిమొన మీద నిలిచేంత నూనె. వాచీ నడుస్తోందా, ఆగిపోయిందా అన్నదాంతో ఆ నూనెకు పని లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ కొంత ఆరిపోతుంది, మిగిలింది జిగురై దుమ్మును పట్టుకుంటుంది. వాడకపోతే అరగదన్నది నిజమే. వాడకపోతే చెడదన్నది మాత్రం నిజం కాదు. ఈ రెంటినీ ఒకటి చేయడంలోనే ఈ వాదనకు మొదటి పగులు ఉంది.

అందులోనూ మనది ఉప్పాడ. ఏటేటా సముద్రం గట్టును కోసుకుపోయే ఊరు, తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు తెగిపోయే ఊరు. కిటికీ ఊచలు, తలుపు గడియలు, సైకిలు చైన్లు ఇక్కడ ఎంత తొందరగా తుప్పు పడతాయో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, తడిసిన ఉప్పు ఉక్కును తింటుంది. ఆ గాలి బీరువా తలుపు దగ్గర ఆగిపోదు. ఆ మాటకొస్తే బీరువా తలుపు కీళ్ళకే తుప్పు పడుతుంది. పాత వాచీలో గాలి చొరబడే దారులు మూడు: అద్దం అంచు, వెనక మూత అంచు, కీ కాడ దూరే రంధ్రం. అక్కడుండే రబ్బరు వాషర్లు ఏళ్ళ కిందటే గట్టిపడి పెళుసెక్కి ఉంటాయి. అందుకే సముద్రపు ఒడ్డు ఊళ్ళలో దాచిన వాచీకి తుప్పు సాధారణంగా కీ కాడతోనే మొదలవుతుంది. అక్కడినుంచి పొడి రాలి పళ్ళచక్రాల్లోకి దిగి ఆకురాయి పని చేస్తుంది. “ఉప్పుగాలి ఊళ్ళో పాత వాచీ ఎవరు పెట్టుకుంటారు?” అంటారు. ఉప్పుగాలి ఉంది కాబట్టే ఇక్కడ వాచీని వేళకు విప్పి శుభ్రం చేయించాలి. ఆ కారణం సర్వీసు వైపే తప్ప బీరువా వైపు లేదు.

బ్యాటరీ వాచీల సంగతి ఇంకా ఘోరం. ఆల్విన్ క్వార్ట్జో, తొలినాళ్ళ టైటనో ఆగిపోగానే అలాగే దాచేస్తారు. బ్యాటరీ లోపలే ఉండిపోతుంది. కొన్నేళ్ళకు అది కారి సర్క్యూట్‌నూ దాని కింది ఇత్తడినీ తినేస్తుంది. నిమిషంలో తీసిపడేయాల్సిన బిళ్ళను వదిలేసినందుకు మొత్తం మూవ్‌మెంటే, అంటే లోపలి యంత్రమే పోతుంది. దాన్ని చంపింది వాడకం కాదు, దాచడం.

ఉప్పాడ ఇళ్ళలో ఈ సత్యం తెలియనివాళ్ళు లేరు. పట్టుచీరను ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే జరీ ఆ మడత వెంబడే చిట్లుతుంది. అందుకే అమ్మలు అప్పుడప్పుడు తీసి, గాలికి ఆరవేసి, మడత మార్చి పెడతారు. చీర విషయంలో ఇంత తెలివిడి ఉన్న ఇల్లు వాచీ విషయంలో మాత్రం తాళం వేసి చేతులు దులుపుకుంటోంది.

2. “నడుస్తోందిగా, విప్పడం ఎందుకు?”

నడవడమే ఆరోగ్యానికి రుజువు అన్నది ఈ మాట వెనక ఉన్న ఊహ. మామూలు హెచ్‌ఎంటీ కీ వాచీ సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. గంటకు 18,000. రోజుకు 4,32,000. ఏడాదికి పదిహేను కోట్ల పైచిలుకు. ఈ కదలికను మోసే ఇరుసుల కొసలు వెంట్రుకంత సన్నం. నూనె ఉన్నంతకాలం ఆ కొస కృత్రిమ కెంపురాయి గుంటలో జారుతూ తిరుగుతుంది. నూనె ఆరాక కూడా తిరుగుతుంది, కాకపోతే ఒరుసుకుంటూ తిరుగుతుంది. టిక్ టిక్ మని వినిపిస్తూనే ఉంటుంది, లోపల అరిగిపోతూనే ఉంటుంది.

పాతికేళ్ళు తెరవని కీ వాచీ వెనక మూత తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని చూస్తే నిజం కళ్ళకు కడుతుంది. ఎర్రటి రాళ్ళ నడిమి గుంటలో మెరవాల్సిన నూనెచుక్క ఉండదు. దాని చోట ముదురు గోధుమరంగు వలయం గట్టిపడి ఉంటుంది. కీ కాడ దగ్గరి మరల మీద నారింజ రంగు పొడి. వాచీ నడకకు లయ ఇచ్చే బ్యాలెన్స్ చక్రం తిరుగుతూనే ఉంటుంది గానీ నిండుగా ఊగదు. మంచి వాచీలో ఆ చక్రం అటూ ఇటూ 270 డిగ్రీలకు పైగా ఊగాలి. ఇందులో 200 కూడా దాటదు. బయటినుంచి చూసేవాళ్ళకు అది “నడుస్తున్న” వాచీ. విప్పి చూసినవాడికి అరుగుదల మొదలైన వాచీ.

సర్వీసు అంటే మూత తీసి రెండు చుక్కల నూనె వేసి మూసేయడం కాదు. పాత జిగురు మీద కొత్త నూనె వేస్తే మురికి ఇంకాస్త లోపలికి పోతుంది. ప్రతి భాగాన్నీ విప్పాలి, ద్రావకంలో కడగాలి, రాళ్ళ గుంటలను సన్నని పుల్లతో తుడవాలి, వేగంగా తిరిగేచోట పలచని నూనె, బరువు పడేచోట చిక్కని నూనె వేయాలి, తిరిగి బిగించి టైమింగ్ మెషీన్ మీద పరీక్షించాలి. వాడే వాచీకి నాలుగైదేళ్ళకోసారి ఇది జరగాలి. వారసత్వంగా వచ్చిన వాచీ చరిత్ర మనకు తెలియదు కాబట్టి, పెట్టుకునే ముందు ఒకసారి జరిగితీరాలి. అప్పటిదాకా సరదాకైనా రోజూ కీ ఇవ్వకూడదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. వాచీ ఉన్నట్టుండి రోజుకు పదేసి నిమిషాలు ముందుకు పోతే “పాడైపోయింది” అని తీర్పిచ్చి మూలన పడేస్తారు. చాలాసార్లు జరిగింది ఇంతే: ఫోను స్పీకరు పక్కనో, అయస్కాంతపు బటను ఉన్న పర్సులోనో పెట్టడంవల్ల బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అయస్కాంతం ఎక్కి ఒకదానికొకటి అంటుకున్నాయి. మెకానిక్ దగ్గరున్న చిన్న పరికరంతో నిమిషం పట్టదు, ఆ అయస్కాంతం దిగిపోతుంది. నడిస్తే విప్పవద్దని, తేడా వస్తే పారేయమని చెప్పే ఈ వాదనలో రెండు కొసలకీ మధ్య బాగుచేయడం అనే మాటకు చోటే లేదు.

3. “ఏదో పాత వాచీ”

గుర్తుపట్టడం అంటే అమ్మకానికి ధర కట్టడమే అనుకుంటారు. “మనం అమ్ముతామా ఏంటి, అదేదో తెలుసుకుని ఏం చేస్తాం?” అంటారు. తెలుసుకోకపోతే బాగుచేయడం కుదరదు. ఏ మూవ్‌మెంటో తెలియకుండా పార్టు దొరకదు, కేసు ఏ లోహమో తెలియకుండా శుభ్రం చేయలేం, డయల్ మీద ఏ పూత ఉందో తెలియకుండా దాన్ని ముట్టుకోలేం.

పైగా మన ఇళ్ళలోని వాచీలు అనామకాలు కావు. ఒక్కొక్కటీ ఒక కాలపు సాక్ష్యం. పాతతరం ఇళ్ళలో ఫావర్ లూబా సీ కింగ్, వెస్ట్ ఎండ్ సోవార్ ప్రైమా లాంటి స్విస్ వాచీలు కనిపిస్తాయి. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలు బిగిసిన రోజుల్లో, 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్‌ఎంటీ బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్, మహిళలకు సుజాత. అల్లుడికి పెట్టే లాంఛనాల్లో, పదో తరగతి పాసైన కొడుక్కిచ్చే బహుమానంలో దశాబ్దాలపాటు వాటిదే రాజ్యం. తర్వాత మన హైదరాబాద్ ఆల్విన్ జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ వాచీలు కూడా చేసిందన్న సంగతి ఇవాళ్టి పిల్లలకు తెలియదు. ఇక ఉమ్మడి తూర్పు గోదావరి నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళ చేతుల మీద వచ్చినవి సీకో ఫైవ్, సిటిజన్, రికో ఆటోమేటిక్‌లు.

గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వెనక మూత చదవాలి. సీకో మూత మీద రెండు భాగాల మోడల్ నంబరు ఉంటుంది. అందులో మొదటి నాలుగంకెలు లోపలి మూవ్‌మెంటువి. విడిగా ఉండే సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. ఏ దశాబ్దమో మోడల్‌ను బట్టి తేలుతుంది. మూత మీద “స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్” అని మాత్రమే ఉంటే మూత ఒక్కటే స్టీలు, మిగతా కేసు సాధారణంగా క్రోమియమో బంగారమో పూత వేసిన ఇత్తడి. దాన్ని గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: 1960లకు ముందటి వాచీల్లో చీకట్లో మెరిసే అంకెలకు రేడియం వాడేవారు. మెరుపు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు సుమారు 1,600 ఏళ్ళు. అలాంటి డయల్‌ను ఇంట్లో విప్పి గీకడం, ఆ పొడి పీల్చడం ప్రమాదం. తర్వాతి కాలపు స్విస్ వాచీల్లో డయల్ అడుగున “స్విస్” అన్న మాటకు అటూ ఇటూ “టి” అక్షరం ఉంటే అది ట్రిటియం, అంత భయం లేదు. “ఏదో పాత వాచీ” అని వదిలేసినవాడు ఈ తేడా తెలియకుండానే దాన్ని పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇచ్చేస్తాడు.

4. “కంపెనీ మూతపడింది, చేసేవాళ్ళు లేరు”

మూతపడిన మాట నిజం. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆల్విన్ వాచీలు అంతకు చాలా ముందే ఆగాయి. అయితే కంపెనీ మూతపడటానికి, వాచీ బాగుపడకపోవడానికి ముడి లేదు. జనతా, పైలట్, కోహినూర్ లాంటి ఎన్నో మోడళ్ళలో ఉన్నది ఒకే కుటుంబపు 17 రాళ్ళ కీ మూవ్‌మెంటు. ఒకదాని బ్యాలెన్స్ ఇంకోదానికి, ఒకదాని కీ కాడ ఇంకోదానికి పట్టే అవకాశం ఎక్కువ. లక్షలాదిగా అమ్ముడైన వాచీలు కాబట్టి, పనికిరాకుండా పోయిన వాటినుంచి తీసిన పార్టులు పాత మెకానిక్‌ల డబ్బాల్లో ఇప్పటికీ ఉన్నాయి. సీకో ఫైవ్‌లదీ అదే సంగతి. విడిభాగాలకు కరువు రాలేదు, వాటిని అడిగేవాళ్ళకే కరువొచ్చింది.

మెకానిక్‌లు లేరన్నది సగం నిజం. కాకినాడ, రాజమండ్రి బజార్లలో చిన్న అద్దాల పెట్టె ముందు కూర్చుని కీ వాచీలు విప్పగలిగిన చేతులు ఇంకా ఉన్నాయి, తగ్గిపోతున్నాయి. ఎందుకు తగ్గుతున్నాయి? దినమంతా బ్యాటరీలు మార్చడం, బెల్టులు తొడగడం తప్ప వేరే పని వాళ్ళ ముందుకు రావట్లేదు. వాళ్ళ పిల్లలు ఈ పని నేర్చుకోవట్లేదు. వాచీలన్నీ బీరువాల్లోకి పంపి, ఆనక మెకానిక్ లేడని వాపోతే ఆ కొరతకు బాధ్యులెవరు? కారణాన్ని మనమే పుట్టించి దాన్నే సాకుగా చూపించడం వాదన అనిపించుకోదు.

నమ్మకం ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మంచి పార్టు తీసి చెత్త పార్టు పెట్టినవాళ్ళున్నారు, వాచీ తీసుకుని నెలలు తిప్పినవాళ్ళున్నారు. దానికి విరుగుడు జాగ్రత్త. ఇచ్చేముందు మూత తెరిపించి లోపలి మూవ్‌మెంటును ఫోనుతో ఫొటో తీసుకోండి. దాని మీద ఉన్న నంబరు, డయల్ మీది మచ్చలు, కీ ఆకారం రాసుకోండి. ఏ పార్టు మార్చినా పాతది తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. “మొత్తం విప్పి కడుగుతారా, ఊరికే నూనె వేస్తారా?” అని అడగండి. పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. నొచ్చుకునేవాడి చేతికి వాచీ ఇవ్వనక్కర్లేదు.

5. “రిపేరు ఖర్చు దండగ”

ఇది అన్నింటికన్నా బలంగా వినిపించే మాట, అన్నింటికన్నా బలహీనమైనది కూడా. పాత జనతాను ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో లెక్కగట్టి, సర్వీసు ఖర్చు దానికి దగ్గరగా ఉంది కాబట్టి దండగ అంటారు. అమ్మనని ఒట్టు పెట్టుకున్న వస్తువుకు అమ్మకపు ధరను కొలతగా పెట్టడం ఏం తర్కం? “ఆయన గుర్తు, వెల కట్టలేం” అన్న నోటితోనే “వెల కన్నా ఖర్చు ఎక్కువ” అంటున్నారు. వెల కట్టలేనిదైతే ఖర్చును వెలతో పోల్చకూడదు. వెల కట్టేదైతే గుర్తు అనే మాట ఎత్తకూడదు. రెండూ ఒకేసారి కుదరవు.

ఈ లెక్క ఉప్పాడలో వినాల్సి రావడం మరీ బాధాకరం. ఇది జామ్‌దానీ ఊరు. ఇద్దరేసి మనుషులు మగ్గం మీద కూర్చుని, ఒక్కో పువ్వునూ ఒక్కో బూటానూ చేత్తో కూర్చి, వారాలూ నెలలూ పెట్టి చీర నేస్తారు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరమగ్గం చీర చవక కదా, చేనేత ఎందుకు కొనాలి అని ఎవరైనా అడిగితే ఈ ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. చేతిపనికి ధర చెల్లించాలని ప్రపంచాన్ని అడిగే ఊరు, వాచీ మెకానిక్ బల్ల దగ్గరికొచ్చేసరికి “ఆ డబ్బుతో కొత్తది వస్తుంది” అనడం తగదు. మగ్గానికి ఒక న్యాయం, బల్లకు ఇంకో న్యాయం ఉండవు.

కొత్తది వస్తుంది, నిజమే. ఆ డబ్బుకు వచ్చే చవక బ్యాటరీ వాచీ చెడిపోతే బాగుచేయరు, మారుస్తారు. దాన్ని చేసినవాళ్ళే బాగుచేసేలా చేయలేదు. పాత కీ వాచీ విప్పి తిరిగి బిగించడానికి వీలుగా పుట్టింది. వేళకు సర్వీసు జరిగితే ఇంకో తరం దాకా నడుస్తుంది. తీరా చూస్తే మామూలు కీ వాచీ సర్వీసు ఖర్చు నాలుగైదేళ్ళకోసారి వచ్చేదే. ఆ ఖర్చును అన్నేళ్ళకూ పంచి చూస్తే దండగ ఎటువైపుందో తేలిపోతుంది.

6. “చేయిస్తే కొత్తదానిలా చేయించాలి”

బీరువా వాదానికి తోబుట్టువు ఈ మాట. ఇది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ఇది ప్రేమతో డబ్బు ఖర్చు పెట్టి మరీ వాచీని చెరుపుతుంది. డయల్‌కు కొత్త రంగు వేయించడం, కేసును బఫింగ్ పట్టించడం, ముళ్ళు మార్చడం, ఆఖరికి ఆకుపచ్చో ఎరుపో డయల్ పెట్టి “మోడ్రన్‌గా” చేయించడం. ఇలా వేర్వేరు వాచీల ముక్కలు కలిపి కొత్త రంగు డయల్‌తో అమ్మకానికి పెట్టే వాచీలను సేకర్తలు “ముంబై స్పెషల్” అంటారు. వేరేవాళ్ళు మోసానికి చేసేదాన్ని మన ఇంటి వాచీకి మనమే డబ్బిచ్చి చేయించుకోవడం ఎందుకు?

దీనివల్ల పోయేదేమిటో చూడండి. ఉద్యోగ విరమణనాడు తోటి ఉపాధ్యాయులు ఇచ్చిన వాచీ వెనక మూత మీద పేరు, తేదీ సన్నగా చెక్కి ఉంటాయి. బఫింగ్ చక్రం మీద రెండు నిమిషాలు పెడితే ఆ గీతలు నునుపై మాయమవుతాయి. కేసు అంచుల పదును కరిగిపోతుంది. పూత కేసైతే కింది ఇత్తడి బయటపడుతుంది. గోధుమరంగుకు తిరిగిన డయల్ మీద కొత్త రంగు వేస్తే ఆ కంపెనీ అక్షరాల సన్నదనం మళ్ళీ రాదు.

బాగుచేయడానికీ రూపం మార్చడానికీ మధ్య గీత స్పష్టంగానే ఉంది. నడకకు అడ్డమైనది మార్చాలి: విరిగిన మెయిన్‌స్ప్రింగ్, తుప్పు పట్టిన కీ కాడ, గట్టిపడిన వాషర్లు. వయసుకు గుర్తైనదాన్ని వదిలేయాలి: డయల్ రంగు, చెక్కిన పేరు, చేతిమీద పడ్డ గీతలు. ప్లాస్టిక్ అద్దం మసకబారితే పాలిషింగ్ పేస్టుతో రుద్ది తేటపరచవచ్చు, పగిలితే మార్చవచ్చు. మార్చిన ప్రతి పాత ముక్కనూ చిన్న కవరులో వేసి వాచీతోపాటే ఉంచాలి. బీరువాలో దాచాల్సింది ఏదైనా ఉంటే అదీ ఆ కవరే.

7. “మన చేతికి పట్టదు”

ఇక్కడికి వచ్చేసరికి వాదన పూర్తిగా చేతకానితనంగా మారిపోతుంది. తాత చెయ్యి లావు, చైను జారిపోతుంది, కాబట్టి పెట్టుకోలేం అంటారు. స్టీలు చైనును సరిచేయడం వాచీ పనుల్లోకెల్లా చిన్నది. గొళ్ళేనికి రెండు పక్కలా సమానంగా లింకులు తీయాలి, అప్పుడే గొళ్ళెం మణికట్టు కింద మధ్యలో కూర్చుంటుంది. ఇంకాస్త తేడా ఉంటే గొళ్ళెం పక్కనుండే చిన్న రంధ్రాల్లో పిన్ను జరపాలి. ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యి కాస్త ఉబ్బుతుంది కాబట్టి చైను కింద చిటికెన వేలు దూరేంత సందు ఉంచాలి. తీసిన లింకులు పారేయకూడదు, రేపు ఇంకో చేతికి అవే కావాలి.

బెల్టైతే, దాన్ని తగిలించే కేసు కాళ్ళ మధ్య వెడల్పు స్కేలుతో కొలవాలి. పాత మగవాళ్ళ వాచీల్లో ఎక్కువగా 16 లేదా 18 మిల్లీమీటర్లు ఉంటుంది. ఉప్పాడ చెమటకు, ఉప్పుగాలికి తోలు బెల్టు తొందరగా కుళ్ళి వాసన పడుతుంది. రెండు పిన్నుల కిందుగా దూర్చే ఒకే ముక్క నైలాన్ బెల్టు ఇక్కడ నయం: ఉతుక్కోవచ్చు, ఆరబెట్టుకోవచ్చు, ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. బెల్టు మార్చేటప్పుడు రెండు కొసల స్ప్రింగు పిన్నులు కూడా తప్పక మార్చాలి. టీ ఖర్చుకు వచ్చే ఆ తుప్పు పిన్ను విరగడంవల్లే వాచీలు బస్సుల్లో, గట్ల మీద జారి పోతాయి.

ఈ “పట్టదు” అన్న మాట వెనక ఇంకో అన్యాయం దాగుంది. తండ్రి వాచీ కొడుక్కే అనుకుంటారు. “ఆడపిల్ల చేతికి మగవాళ్ళ వాచీ ఏంటి?” అని కూతుర్ని పక్కన పెడతారు. ఆ కొడుకు హైదరాబాదులో స్మార్ట్ వాచీ పెట్టుకుని తిరుగుతుంటాడు, తండ్రిది సొరుగులో పడుంటుంది. పాత మగవాళ్ళ వాచీలు చాలావరకు 35 మిల్లీమీటర్ల అటూఇటూ. ఇప్పటి మగవాళ్ళ వాచీల పక్కన అవి చిన్నవే, ఆడవాళ్ళ మణికట్టుకు చక్కగా కుదురుతాయి. నాలుగు లింకులు తీస్తే తీరే సమస్యను వారసత్వపు హక్కు దాకా లాగడం తప్పు. కావాలన్న చేతికే వాచీ చెందాలి.

ఫోను ఉందిగా అన్న మాటకు జవాబు పొడుగు అక్కర్లేదు. టైము చూడటం కోసమే అయితే తాత వాచీని దాచడం కూడా అనవసరమే. దాస్తున్నారంటే అది టైముకు మించిన వస్తువని వాళ్ళూ ఒప్పుకున్నట్టే.

పెట్టుకున్నాక పాటించాల్సినవి కొద్దే. డయల్ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా, పాత వాషర్లతో ఆ మాట చెల్లదు కాబట్టి చేపల వేటకు వెళ్ళేటప్పుడు, సముద్రంలో దిగేటప్పుడు తీసేయాలి. కీ వాచీకైతే రోజూ ఒకే వేళకు కీ ఇవ్వాలి, బిగుసుకోగానే ఆపాలి. తేదీ ఉన్న వాచీకి రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య త్వరగా తేదీ మార్చే కీ తిప్పకూడదు, లోపల పళ్ళు విరుగుతాయి. చేతినుంచి తీశాక మెత్తటి గుడ్డతో వెనక మూత మీది చెమట తుడవాలి. పని ఇంతే.

కాబట్టి తండ్రి వాచీ దొరికితే చేయవలసింది ఇది. అదేమిటో వెనక మూత చదివి తెలుసుకోండి. బ్యాటరీ ఉంటే ఇవాళే తీయించండి. పని తెలిసినవాడి చేత మొత్తం విప్పించి కడిగించండి. రంగులూ మెరుగులూ వద్దనండి. చైను సరిచేయించుకుని చేతికి పెట్టుకోండి, లేదా పెట్టుకుంటానన్న పిల్లకో పిల్లాడికో ఇచ్చేయండి. వాచీని బాగుచేయడం తెలిసిన చేతులు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి, పని దొరక్కపోతే ఇంకో పదేళ్ళకు ఉంటాయని చెప్పలేం. అందుకే ఈ పని వాయిదా వేయదగ్గది కాదు. పెద్దల వస్తువును గౌరవించడమంటే దాన్ని కదలకుండా చేయడం కాదు, అది ఏ పనికోసం పుట్టిందో ఆ పని దానిచేత చేయించడం. బీరువాలో పెట్టమనే ప్రతి పెద్దకూ ఇదే మాట గట్టిగా చెప్పాలి, వాళ్ళ ముందే వాచీని తీసుకుని మెకానిక్ దగ్గరికి బయల్దేరాలి.